గుండం దాకా వచ్చినోళ్లు వటోలి దాకా ఎందుకు రాలే?

ఈ మధ్య మాకు పిలుపులు ఎక్కువయ్యాయి. "మీ కథ చెప్పండి" అంటున్నారు. సభకు పిలుస్తున్నారు, పుస్తకానికి రాయమంటున్నారు, కెమెరా ముందు కూర్చోమంటున్నారు. చీకటి గది కట్టి, నాలుగు గోడల మీద బొమ్మలు ఆడించి, చెవుల్లో శబ్దం నింపి, చూడవచ్చినవాణ్ణి మా బతుకు నడుమ నిలబెడతామంటున్నారు. కళ్లకు అద్దాల పెట్టె కట్టుకుంటే చాలట. అరగంటలో ముస్లిం బాధ ముస్లిం కానివాడికి తెలిసిపోతుందట. మనిషినే పుస్తకంలా కాసేపు ఇంటికివ్వని లైబ్రరీ నుంచి తీసుకుని, ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రశ్నలడిగే పద్ధతి ఒకటి 2000లో కోపెన్‌హేగన్‌లో మొదలై 2017లో హైదరాబాద్ దాకా వచ్చింది. అందులో మేమూ ఒక పుస్తకం. బురఖా ఎందుకు? గొడ్డుమాంసం ఎందుకు? ఇంట్లో ఉర్దూ ఎందుకు? పేజీలు తిప్పినంత తేలిగ్గా అడుగుతారు.

పిలిచేవాళ్ల మనసు మంచిదే. చాలామంది మాకు స్నేహితులు కూడా. గొడవల రోజుల్లో ఫోన్ చేసి "క్షేమమేనా" అని అడిగేది వాళ్లే. అయినా కటువుగా కొన్ని మాటలు చెప్పాల్సి ఉంది. ఈ సహానుభూతి అనే మందు మాకు కొత్తది కాదు. మా ఊళ్లో, మా నిర్మల్ చుట్టుపక్కల పల్లెల్లో, తరతరాలుగా ఈ మందు కాస్తూనే ఉన్నారు, తాగుతూనే ఉన్నారు. అది ఎక్కడిదాకా పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయకుండా పోతుందో మాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ముందు మాటల సంగతి. ఉర్దూలో హమ్‌దర్దీ అంటాం. ఆ మాట వినగానే మీకు రూహ్ అఫ్జా సీసా గుర్తొస్తుంది, అది వేరే విషయం. ఫార్సీలో "హమ్" అంటే తోటి, "దర్ద్" అంటే నొప్పి. తోటినొప్పి పడేవాడు హమ్‌దర్ద్. ఉర్దూ చెవికి ఇంకో అర్థం కూడా వినిపిస్తుంది, ఎందుకంటే ఉర్దూలో హమ్ అంటే మేము, మనం. ఆ నొప్పిలో నువ్వు నేను విడివిడిగా ఉండం. తెలుగులో దీన్ని సానుభూతి అని తర్జుమా చేసుకుంటున్నాం. తెలుగు పేపర్లో సానుభూతి ఎప్పుడొస్తుంది? నాయకుడు చచ్చిపోయి ఉప ఎన్నిక వచ్చినప్పుడు పవనమై వీస్తుంది. ఓట్లు పడగానే ఆగిపోతుంది. రెండు భాషల మధ్య రోజూ తిరిగే పని మాది. హమ్‌దర్దీ అని మేం రాస్తే అది సానుభూతిగా అచ్చవుతోంది. దారిలో ఎక్కడో మేము రాలిపోతున్నాం.

ఇక కళ సంగతి. ప్రేక్షకుణ్ణి బయట కూర్చోబెట్టకుండా లోపలికి లాక్కునే కళను ఇప్పుడు కనిపెట్టినట్టు మాట్లాడుతున్నారు. మొహర్రం నెలలో మా వైపు పల్లెకు రండి. పీర్ల కొట్టం ముందు గుండం తవ్వుతారు. రాత్రి కాగానే మొద్దులు రాజేస్తారు. డప్పు మోగుతుంది. కొట్టేది మాదిగవాడ నుంచి వచ్చినవాళ్లు. ఇత్తడి పంజాలకు రంగురంగుల దట్టీలు కట్టి, కుడుకల దండలు వేసి, ఊదు పొగలో నిలబెడతారు. పీరు ఎత్తుకునేది చాలా ఊళ్లల్లో ముస్లిం కాదు. గౌడో, ముదిరాజో, మాలో, మున్నూరు కాపో, తాత ముత్తాతల నుంచి ఆ ఇంటివాడే ఎత్తుకోవాలి. ఊరి సాయిబు ముజావరుగా ఫాతెహా ఇస్తాడు, మలీద ముద్దలు పంచుతాడు. మన్నుకుండల్లో షర్బత్ పెడతారు, ఎందుకంటే కర్బలాలో నీళ్లు దొరకలేదు. ఆడవాళ్లు పిల్లల్ని తెచ్చి పీరు కింద పడుకోబెడతారు. అలాయి చుట్టూ చేయీ చేయీ పట్టుకుని ఆడతారు. పాడే పాటలు తెలుగు పాటలు. అందులో హస్సేను హుస్సేను అన్నదమ్ములు ఈ ఊరి అన్నదమ్ముల్లాగే ఉంటారు. ఖాసీం పెండ్లికొడుకు. దప్పికకు ఏడ్చే సకీనా ఈ ఇంటి చిన్నపిల్ల. ఆర్నెల్ల అస్గర్ గొంతులో బాణం దిగిన దగ్గర పాట ఆగితే కల్లు ముంత పట్టుకున్నవాడు కూడా కండ్లు తుడుచుకుంటాడు. పదో రోజు తెల్లారి చెప్పులు లేని కాళ్లతో నిప్పుల మీద నడుస్తారు. పీర్లను సాగనంపి వచ్చేటప్పుడు చావుకు పోయి వచ్చినట్టే తలలు దించుకుని వస్తారు.

క్రీ.శ. 680లో ఇరాక్ ఎడారిలో జరిగిన ఒక కుటుంబం చావును గోదావరి ఒడ్డున, అరబ్బీ ఒక్క ముక్క రాని జనం, ముస్లింలు కానివాళ్లు, తమ ఇంటి చావుగా ఏడుస్తున్నారంటే అంతకంటే పెద్ద కళ ఇంకేముంది? కులీ కుతుబ్‌షా దక్కనీలో మర్సియాలు రాసిన కాలం నుంచి ఇక్కడ ఈ ఏడుపు ఉంది. పీరయ్య, ఉసేనయ్య, ఇమామయ్య, ఫకీరయ్య అని హిందువుల ఇండ్లల్లో పేర్లు పెట్టుకున్నారు. మొక్కుకుంటే పుట్టిన పిల్లలు వాళ్లు. సొంత కథ, ఒళ్లంతా ముంచే కళ, పదిరోజుల అనుభవం, అన్నీ ఉన్నాయి. ఏ మ్యూజియమూ ఇంత చేయలేదు.

అయితే ఏమైంది?

2008లో జనవరిలో మొహర్రం వచ్చింది. ఎప్పట్లాగే ఈ జిల్లా పల్లెల్లో పీర్లు లేచాయి, గుండాలు కాలాయి. అదే ఏడు అక్టోబరులో, అప్పటి ఆదిలాబాద్ జిల్లా భైంసాలో దుర్గామాత నిమజ్జనం ఊరేగింపు దగ్గర గొడవ మొదలై పట్నం తగలబడింది. రెండు రోజులకు భైంసాకు దగ్గర్లోని వటోలి పల్లెలో ఒకే ముస్లిం కుటుంబంలో ఆరుగురిని రాత్రిపూట ఇంట్లోనే తగలబెట్టారు. చిన్నపిల్లలు కూడా ఉన్నారు అందులో. పీర్ల గుండం చల్లారి తొమ్మిది నెలలు కాలేదు.

పౌరహక్కుల సంఘాల వాళ్లు వచ్చారు, లేదనం. కమ్యూనిస్టులు వచ్చారు, కొందరు రచయితలు వచ్చారు. నివేదికలు రాశారు. వాళ్ల రుణం ఉంచుకోం. మేమడిగేది వాళ్ల గురించి కాదు. పదిరాత్రులు గుండం చుట్టూ ఆడిన వేల చేతులు ఈ జిల్లాలో ఉన్నాయి కదా, ఆ చేతులు ఏమయ్యాయని అడుగుతున్నాం. అస్గర్ కోసం ఏడ్చిన కండ్లు వటోలి పిల్లల కోసం ఎన్ని తడిశాయని అడుగుతున్నాం. 2020 జనవరిలో భైంసా మళ్లీ కాలింది. 2021 మార్చిలో మళ్లీ. ఈసారి భైంసా కొత్త నిర్మల్ జిల్లాలో ఉంది, అంతే తేడా. ప్రతిసారీ ఇంటర్నెట్ ఆపారు, నూటనలభై నాలుగు పెట్టారు, శాంతి కమిటీ వేశారు. శాంతి కమిటీలో టీ తాగుతూ ఒక పెద్దమనిషి తప్పకుండా అంటాడు: "మన దగ్గర హిందూ ముస్లిం భేదమెక్కడిది, పీర్ల పండుగ మనమే చేస్తం గదా!"

ఆ ఒక్క మాట మీద మాకు ఉన్నంత కోపం ఇంక దేని మీదా లేదు. గంగా జమున తెహజీబ్ అని ఉర్దూలో మేమూ అంటాం, ముషాయిరాల్లో వాహ్‌వా కొట్టించుకుంటాం. కానీ ఎప్పుడు దాన్ని బయటికి తీస్తారో చూడండి. ఇల్లు కాలినవాడు పరిహారం అడిగినప్పుడు తీస్తారు. కేసు పెట్టమని అడిగినప్పుడు తీస్తారు. పీర్ల పండుగ మా నోటికి తాళం అయి కూర్చుంది.

ఎందుకిలా అయింది? మా ఆలోచన ఇది. హుస్సేన్ చనిపోయి పదమూడు వందల ఏండ్లు దాటింది. చనిపోయిన హుస్సేన్ కిరాయికి ఇల్లు అడగడు. ఆయన కూతురు మీ పిల్లవాడితో ఒకే బెంచీ మీద కూర్చోదు. ఆయన పాస్‌పోర్ట్ కోసం పోలీసు ఎంక్వయిరీకి ఎదురుచూడడు, మునిసిపాలిటీలో వార్డు టికెట్ అడగడు, బజారులో మీ దుకాణం పక్కన దుకాణం తెరవడు. ఆయన కోసం ఏడిస్తే మనసు తేలికవుతుంది, ఖర్చు ఏమీ కాదు. బతికున్న ఉసేన్ సాబ్ వేరు. ఆయనకు లెక్క ఉంది, అడగడం ఉంది, తిరిగి మాట అనడం ఉంది. ఇంటి యజమాని మా పేరు వినగానే "నిన్ననే వేరేవాళ్లకు మాటిచ్చాం" అంటాడు. అదే యజమాని ఏడో రాత్రి పీరుకు దట్టీ కట్టి పోతాడు. ఆయన దొంగ కాదు, నటించడం లేదు. రెండూ ఆయన మనసే. ఏడుపు ఒక అరలో, ఇల్లు ఇంకో అరలో.

ఇది మా నిర్మల్ జబ్బే అనుకోకండి. 2015 జనవరిలో ప్రపంచ ధనవంతులందరూ చేరే దావోస్‌లో ఐక్యరాజ్య సమితి వాళ్లు ఒక సినిమా చూపించారు. కళ్లకు పెట్టె కట్టుకుని చూసే సినిమా. జోర్డాన్‌లో జాతరి శరణార్థుల శిబిరంలో ఉండే పన్నెండేళ్ల సిరియా పిల్ల తన రోజు ఎలా గడుస్తుందో చెబుతుంది. చూసినవాళ్ల పెట్టెలు తడిశాయంటారు. దాన్ని సహానుభూతి యంత్రం అని పొగిడారు. ఆ తర్వాత సిరియా వాళ్లకు యూరప్ సరిహద్దుల్లో కట్టిన కంచెలు ఎన్నో మీకు తెలుసు. 2017లో కాన్ పండుగలో మెక్సికో దర్శకుడు ఇన్యారిటు ఇంకో అడుగు ముందుకేశాడు. చూడవచ్చినవాళ్లు చెప్పులు విప్పి, ఉత్తకాళ్లతో ఇసుకలో నడవాలి. చుట్టూ అమెరికా సరిహద్దు ఎడారి, రాత్రి దాటుతున్న వలస జనం, పైన హెలికాప్టర్, ఎదురుగా తుపాకీ. ఆ పనికి హాలీవుడ్ ప్రత్యేక ఆస్కార్ ఇచ్చింది. మరుసటి ఏడు, 2018లో, అదే సరిహద్దు దగ్గర అమెరికా ప్రభుత్వం పిల్లల్ని తల్లుల నుంచి విడదీసి వేరే శిబిరాల్లో పెట్టింది. ఉత్తకాళ్ల నడక అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. నడిచి వచ్చి చెప్పులు తొడుక్కోవడం కూడా రెండు చోట్లా ఉంది.

పాల్ బ్లూమ్ అనే మనస్తత్వ శాస్త్ర పండితుడు 2016లో సహానుభూతికి వ్యతిరేకంగా ఒక పుస్తకమే రాశాడు. అది టార్చిలైటు లాంటిదని ఆయన వాదన. దగ్గరివాళ్ల మీద, మనలాంటివాళ్ల మీద, ఒక్క ముఖం మీద బాగా పడుతుంది. ముఖం కనపడని వేలమంది మీద పడదు. ఆయన చెప్పినవన్నీ మాకు మింగుడుపడవు, కానీ ఈ మాట నిజం. సచార్ కమిటీ 2006లో నివేదిక ఇచ్చింది. దేశ జనాభాలో ముస్లింలు 13.4 శాతం. ఐఏఎస్‌లో 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం. 2016లో సుధీర్ కమిషన్ తెలంగాణ ముస్లింల లెక్కలు తీసి ప్రభుత్వం చేతిలో పెట్టింది. ఆ లెక్కలు చదివి ఎవరైనా ఏడ్చారా? లెక్కకు ముఖం లేదు, పాట లేదు, డప్పు లేదు. అందుకని మమ్మల్ని ముఖం తెచ్చుకోమంటున్నారు. ప్రతి హక్కుకూ ఒక ఏడుపు ముఖం జత చేసి దరఖాస్తు పెట్టుకోవాలట.

ఇంకో మాట కూడా ఉంది. చీకటి గది ఎవరి సొత్తు? మనిషిని కథలో ముంచి కండ్లనీళ్లు తెప్పించగలిగిన కళ, అదే కండ్లల్లో నిప్పులు కూడా తెప్పిస్తుంది. 2024 మార్చిలో రజాకార్ల మీద ఒక తెలుగు సినిమా వచ్చింది. నాలుగు దిక్కుల నుంచి శబ్దం, తెర నిండా నెత్తురు. అందులోనూ ఉన్నవి సొంత కథలే, ఊరూరి బాధలే. రజాకార్లు చేసిన దుర్మార్గాన్ని మేం దాచం. 1948 ఆగస్టులో వాళ్ల చేతుల్లో చచ్చిపోయిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ మా వృత్తివాడు, మా భాషవాడు, మా వాడు. కానీ ఆ సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత ముస్లింల మీద జరిగిన హత్యాకాండ మీద సుందర్‌లాల్ కమిటీ నెహ్రూకు నివేదిక ఇచ్చింది. దశాబ్దాల పాటు దాన్ని ప్రజల ముందు పెట్టలేదు. ఆ నివేదికకు చీకటి గది ఎవరు కడతారు? ఏ కథకు తెర దొరుకుతుందో, ఏ కథ అల్మారాలో ఉండిపోతుందో నిర్ణయించేది కళ కాదు. డబ్బు, అధికారం.

మంచి ముస్లింను చూపించే సినిమాలు కూడా ఉన్నాయిగా అంటారు. 2002లో వచ్చిన 'ఖడ్గం' తీసుకోండి. ప్రకాశ్‌రాజ్ వేసిన ఆటో డ్రైవర్ అంజద్ మంచివాడు. ఎంత మంచివాడంటే, తమ్ముడు టెర్రరిస్టు కాబట్టి తన మంచితనాన్ని పదే పదే అరిచి చెప్పుకోవాలి. హాల్లో జనం చప్పట్లు కొట్టారు. మాకు ఆ చప్పట్లు అర్థమయ్యాయి. అరిచి చెప్పినవాడికి చోటుంది, అరవనివాడి మీద అనుమానం అలాగే ఉంది. ఊరికే ఆటో నడుపుకునే ముస్లిం, వడ్డీకి డబ్బు తెచ్చి చెల్లె పెండ్లి చేసే ముస్లిం, సాయంత్రం చాయ్‌కి వచ్చి సోది చెప్పే ముస్లిం, తెలుగు సినిమాకు ఇంకా దొరకలేదు.

ఇప్పుడు మా ఊరి చెట్టు గురించి. నిర్మల్ అంటే లోకానికి కొయ్యబొమ్మలు. పొనికి కర్ర చెక్కి, చింతగింజల జిగురు పూసి, రంగులేసే ఆ పనివాళ్లను నకాషీలంటాం. హిందువులు వాళ్లు, వాళ్ల పేరు మాత్రం అరబ్బీ నుంచి ఫార్సీ, ఉర్దూల మీదుగా వచ్చింది. నఖ్ష్ అంటే బొమ్మ, నఖ్ఖాష్ అంటే బొమ్మ గీసేవాడు. ఈ ఊళ్లో పేర్లు కూడా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి. అలాంటి ఊళ్లోనే వెయ్యి ఉరుల మర్రి ఉండేది. 1857 తిరుగుబాటు చల్లారిన తర్వాత కూడా ఆదిలాబాద్ అడవుల్లో రాంజీ గోండు తెల్లవాళ్ల మీద పోరాడాడు. పక్కన నిలబడి కొట్లాడినవాళ్లు రోహిల్లాలు. 1860లో రాంజీని, ఆయనతోపాటు పట్టుబడ్డవాళ్లను నిర్మల్‌లో ఆ మర్రికి ఉరివేశారు. వెయ్యిమంది అన్నది జనం నోటి లెక్క. చెట్టు ఇప్పుడు లేదు. పేరు మిగిలింది.

ఈ కథలో ఉరి తీసింది ఎవరు? ఇంగ్లీషువాళ్లు, వాళ్లతో కలిసి నిలబడ్డ నిజాం సర్కారు. ఉరికి వేలాడింది ఎవరు? గోండులు, రోహిల్లాలు. అంటే ముస్లిం రాజు పాలనలో, ఆ రాజు దోస్తీ చేసిన తెల్లవాళ్లకు ఎదురుతిరిగి ముస్లిం సిపాయి చచ్చిపోయాడు. అంతకు మూడేండ్ల ముందు, 1857 జులైలో హైదరాబాద్ రెసిడెన్సీ మీదికి పోయిన తుర్రెబాజ్ ఖాన్ వెంట ఉన్నదీ రోహిల్లాలే. నిజాం అంటే ముస్లింలు, ముస్లింలంటే నిజాం అని రోజూ లెక్క కట్టేవాళ్లకు ఈ చెట్టు గొంతులో అడ్డం పడాలి. పడడం లేదు. 2021 సెప్టెంబరు 17న, విమోచన దినం పేరు మీద, కేంద్ర హోంమంత్రి అమిత్ షా నిర్మల్‌లోనే సభ పెట్టారు. 1860కి, 1948కి మధ్య ఎనభై ఎనిమిదేండ్ల దూరం ఉంది. కానీ ఇవాళ నిర్మల్ బస్టాండులో ఏ పిల్లవాణ్ణయినా పట్టుకుని వెయ్యి ఉరులు ఎవరు వేశారని అడిగి చూడండి. రజాకార్లు అనే జవాబు మా చెవులతో మేం విన్నాం. ఉరికి వేలాడినవాడి మనవలకే ఉరి వేసినవాడి పేరు తగిలించారు.

రోహిల్లాలందరూ మహాత్ములని మేం అనడం లేదు. జీతానికి కత్తి పట్టినవాళ్లు, వడ్డీకిచ్చి రైతుల్ని పీడించినవాళ్లు వాళ్లల్లో ఉన్నారు. పల్లెల్లో వాళ్ల పేరు చెప్పి పిల్లల్ని భయపెట్టిన మాట కూడా నిజం. మేమడిగేది విగ్రహం కాదు. చచ్చినవాళ్ల జాబితాలో ఉన్న పేరు జాబితాలో ఉంచమంటున్నాం. రాంజీ గోండు పేరు మీద హైదరాబాద్‌కు గిరిజన స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియం మంజూరైంది. సంతోషం, గోండులకు అది రావాల్సిందే, ఎప్పుడో రావాల్సింది. ఇలాంటి మ్యూజియాల్లో ఇప్పుడు వెలుగు, నీడ, శబ్దం పెట్టి మనిషిని ఆ కాలంలోకి తీసుకుపోతున్నారు. నిర్మల్ మర్రి కూడా అలా ఒక గదిలో లేవొచ్చు. ఊడల నుంచి ఉరితాళ్లు వేలాడొచ్చు. ఆ తాళ్లకు ఎవరి ముఖాలు ఉంటాయి? అందులో ఒక్క రోహిల్లా ముఖం ఉంటుందా? సహానుభూతి గురించి మాతో మాట్లాడదలచుకున్నవాళ్లు మొదట ఈ ప్రశ్న దగ్గర నిలబడాలి. మా కథ మా నోటితో చెప్పమనడం తేలిక. మీరు చెప్పే కథలో నుంచి మమ్మల్ని కోసేయకుండా ఉండడం కష్టం.

కళకు శక్తి లేదని మేం అనడం లేదు. శక్తి ఉన్న రోజులు చూశాం కాబట్టే ఈ కోపం. 1940 ప్రాంతంలో, విసునూరు దేశ్‌ముఖ్ గడీ నీడలో, షేక్ బందగీ అనే రైతు తన భూమి కోసం కోర్టులకు తిరిగి గెలిచాడు. గెలిచినందుకు దేశ్‌ముఖ్ మనుషులు దారికాచి నరికి చంపారు. ఆ చావే సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' నాటకానికి ప్రేరణ. ప్రజా నాట్యమండలి దళాలు ఊరూరా ఆడాయి. సర్కారు నిషేధించేదాకా ఆడాయి. చూసినవాళ్లు ఏడ్చి ఇంటికి పోలేదు. సంఘంలో చేరారు. ఒక ముస్లిం రైతు సొంత కథ తెలుగు రైతులందరి కథ ఎలా అయింది? ఎవరూ బందగీని "ముస్లిం బాధ అర్థం చేసుకోవడానికి" చూడలేదు. ఆయన పోగొట్టుకున్న భూమిలాంటిదే తమదీ పోయింది. ఆయన కొట్లాట తమ కొట్లాట. ఆ నాటకం జాలి అడగలేదు, భూమి అడిగింది. బందగీ సమాధి దగ్గర ఇప్పటికీ హిందువులు, ముస్లింలు చేరుతున్నారు. మొక్కుకునేవాళ్లలో ఎందరికి ఆయన భూమి కేసు గుర్తుందో అది వేరే సంగతి. మేం ఏదైనా పీరును చేసి మరిచిపోవడంలో దిట్టలం.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి, రెండు భాషలవాళ్లం కాబట్టి. 1979లో గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' సినిమా చూసి ఏడవని తెలంగాణవాడు లేడు. ఆ సినిమాకు మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే'. తెలంగాణ రైతు కథను ఉర్దూలో ఒక పంజాబీ హిందువు రాస్తే, బెంగాలీ దర్శకుడు తెలుగులో తీశాడు. అయినా ఉర్దూ అంటే మా మీద అనుమానంగా చూసేవాళ్లు ఈ సినిమా పాటలు పాడుతూనే చూస్తారు.

ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది. 'జల్‌జలా' 1998లో, 'వతన్' 2004లో వచ్చాయి. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' 2011లో వచ్చింది. ముప్ఫై ఏండ్ల పైగా తెలుగులో ముస్లింలు తమ కథ తామే చెబుతున్నారు. చెప్పలేదనే మాట ఇక చెల్లదు. మరి ఎలా చదివారు? సభల్లో లేచి "చదువుతుంటే కండ్లనీళ్లు ఆగలేదండీ" అంటారు. ఆ పుస్తకాలు ఏడవడానికి రాసినవి కావు. చాలా పేజీల్లో తిట్లున్నాయి, నిలదీయడం ఉంది, ఎక్కిరింపు ఉంది. వాటిని దాటవేసి కండ్లనీళ్ల దగ్గర మాత్రం ఆగుతారు. ఉల్లిగడ్డ కోసినా కండ్లనీళ్లు వస్తాయి. లౌకికవాద మిత్రులకు మాలో బిర్యానీ ఇష్టం, ఖవ్వాలీ ఇష్టం, రంజాన్ హలీం ఇష్టం, ఇప్పుడు మా గాయం కూడా ఇష్టమైంది. మేం వాదించినప్పుడు మాత్రం ముఖం చిన్నబుచ్చుకుంటారు. "మీరు కూడా మతం పేరుతోనే మాట్లాడితే ఎట్లా?" అంటారు.

మా ఇంట్లో కూడా ఊడ్చుకోవాల్సింది ఉంది. పీర్లు బిద్‌అత్ అని కొట్టాలకు తాళాలు వేయించిన మౌల్వీసాబులు మా మధ్య ఉన్నారు. వాళ్ల దీన్ వాళ్లది, కానీ మాదిగ డప్పుతో, గౌడ భుజంతో మాకున్న ఒక్క తాడును కూడా వాళ్లు తెంపుతున్నారని చెప్పకపోతే అబద్ధమవుతుంది. దూదేకులవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోనివాళ్లు, ఆడపిల్ల కథ చెబితే "ఇంటి మాట బజారుకా" అని గదమాయించేవాళ్లు మాలో ఉన్నారు. మా ఆడవాళ్లు రాసింది మేమే సరిగా చదవలేదు. తలాక్ మీద బయటివాళ్లు సినిమా తీస్తే మాత్రం రోడ్డు మీదికి వస్తాం. దీని గురించి వేరే వ్యాసమే రాయాలి, రాస్తాం కూడా. అయితే మా ఇల్లు మేం ఊడ్చుకునేదాకా మా హక్కు ఆగాలనడం కుదరదు. ఏ కులం ఇల్లు ఊడ్చుకున్నాక దానికి ఓటిచ్చారు?

కాబట్టి పిలిచేవాళ్లకు మా జవాబు ఇది. వస్తాం, కథ చెబుతాం. గది మీరే కట్టండి, అద్దాల పెట్టెలు మీరే తెండి. కానీ గది బయట ఒక బల్ల వేయండి. ఆ బల్ల మీద మా కాగితాలుంటాయి. భైంసాలో కాలిన దుకాణాల పరిహారం కాగితం, సుధీర్ కమిషన్ సిఫారసుల కాగితం, కిరాయి ఇల్లు దొరకని మా టీచరు దరఖాస్తు. కండ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చినవాళ్లు ఆ బల్ల దగ్గర ఒక్క నిమిషం ఆగి ఏదో ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. సంతకం పెట్టనివాళ్లను లోపల ఏం చూశారని మేం అడగం.

నిర్మల్‌లో ఉర్దూ మీడియం పిల్లలకు, తెలుగు మీడియం పిల్లలకు ఒకరి బడి ఒకరికి తెలియదు. నెలకొక రోజు ఆ పిల్లలు ఈ బడికి, ఈ పిల్లలు ఆ బడికి పోయి ఒకే పాఠం వినేటట్టు చేయమని అడుగుతున్నాం. ఏ పాఠం అంటే వెయ్యి ఉరుల మర్రి పాఠం. రెండు భాషల్లో మేం రాసిస్తాం, డబ్బులు వద్దు. మ్యూజియం వాళ్లు కూడా అదే పాఠం చదవాలి. గోండులు, రోహిల్లాలు అన్న రెండు మాటలూ అదే వరుసలో, అదే సైజు అక్షరాల్లో గోడ మీద రాయాలి. వచ్చే మొహర్రంకు పీరు ఎత్తుకునే అన్నలు, పదో రోజు గుండం దాటాక, చెప్పులు వేసుకోకుండా ఇంకొంచెం దూరం మాతో నడవాలి. వటోలికి రోడ్డు ఉంది, బస్సు కూడా పోతుంది.